పూజ బోర్డు

కాచుకుని ఉండడం అనే విద్య కనకవల్లికి పుట్టుకతోనే అబ్బలేదు. పాలు పొంగేదాకా పొయ్యి దగ్గర నిలబడలేదు. రైలు కదిలేదాకా సీట్లో కుదురుగా కూర్చోలేదు. రోజూ తిరువొత్తియూరులో రైలెక్కి, బీచ్ స్టేషన్లో దిగి, ఇంకో రైలు పట్టుకుని మాంబళం చేరేలోపు ఎదుటి సీటువాళ్లకు కూడా కంగారు పుట్టేటట్టు వాచీ చూసుకునేది. అలాంటి మనిషికి దొరికిన ఉద్యోగం ఏమిటయ్యా అంటే, నిద్రపోయిన గడియారం లేవడానికి ఎందుకింత ఆలస్యం చేస్తోందో కనిపెట్టడం. దేవుడికి కూడా అప్పుడప్పుడు వేళాకోళం ఆడాలనిపిస్తుంది కాబోలు.

గడియారమంటే గోడ గడియారం కాదు. పేజరు లోపల చిప్పును నడిపించే గడియారం. మద్రాసు పేరు చెన్నైగా మారిన కొత్త అది. డాక్టర్లు, షేర్ల బ్రోకర్లు, పెళ్లి వంటల కాంట్రాక్టర్లు అందరూ నడుముకు పేజర్లు తగిలించుకుని, అది కూయగానే టెలిఫోను బూత్‌కు పరుగెత్తే రోజులు. ఆ పేజరుకు ఉండేది ఒకే ఒక్క సన్న బ్యాటరీ. అది నెలల తరబడి రావాలంటే ఉపాయం ఒకటే, చిప్పును వీలైనంతసేపు పడుకోబెట్టడం. అది మధ్యమధ్యలో లేచి, నన్నెవరైనా పిలిచారా అని విని, మళ్లీ పడుకోవాలి. లేవాలంటే ముందు గడియారం లేవాలి. క్వార్ట్జ్ ముక్క ఊగడం మొదలుపెట్టి, ఆ ఊపు నిలకడకు వచ్చేదాకా మిగతా చిప్పంతా కరెంటు తాగుతూ ఊరికే కూర్చోవాలి. చేసే పని రవ్వంత, లేవడానికి పట్టే సమయం దానికి రెండింతలు. మన ఇళ్లలోనూ అలాంటివాళ్లు ఉంటారు. కాకపోతే వాళ్లకు బ్యాటరీ ఖర్చు లేదు.

వాళ్ల ఆఫీసు టి. నగర్‌లో పాండీబజారు వెనక వీధిలో, పట్టుచీరల షాపు మీద మూడో అంతస్తు. దాని యజమాని ముఖేష్. పేరు వింటే ఉత్తరాదివాడనుకుంటారు గాని, జార్జిటౌన్‌లో తరాలుగా పప్పుధాన్యాల టోకు వ్యాపారం చేస్తున్న తెలుగు కుటుంబం. కందిపప్పు మూటల మధ్య పెరిగినవాడికి చిప్పుల మీద మోజు ఎక్కడినుంచి పట్టుకుందో గాని, తండ్రి వెంకటాచలపతిని ఒప్పించి ఈ అంతస్తు సంపాదించాడు. ఇప్పుడు ఆ తండ్రికి కొత్త ఆలోచన వచ్చింది. రెండువేల సంవత్సరం వస్తే లోకంలో కంప్యూటర్లన్నీ తలకిందులవుతాయట, వాటిని సరిచేసేవాళ్లకు కోబాల్ అనే పాత కంప్యూటరు భాష నేర్పే క్లాసులు పెడితే చాలట. పేజరు చిప్పు ఒప్పందం ఖాయమైతే ల్యాబు ఉంటుంది, లేకపోతే అక్కడ బెంచీలు పడతాయి. ఇంట్లో ముఖేష్‌కు ఇచ్చిన గడువు దీపావళి.

బెంచీలు పడితే కనకవల్లికి ఇంకోచోట ఉద్యోగం దొరుకుతుంది. ముప్పై ఏళ్ల మనిషి, చదువుంది, చురుకుంది. దొరకనిది యతిరాజులుకు. ఆయన ప్రభుత్వ రేడియో కర్మాగారంలో జీవితమంతా పనిచేసి రిటైరైన నాయుడుగారు. పొట్టిచేతుల చొక్కా, నుదుట సన్నని తిరుచూర్ణం గీత, జేబులో స్క్రూడ్రైవరు. అంతకాలమూ ఎవరో విదేశాల్లో గీసిన సర్క్యూట్లకు మరమ్మతులు చేస్తూ గడిపాడు. తన చేతి సర్క్యూటు ఒక్కటైనా సిలికాన్ మీదికి ఎక్కాలని ఆయన ఆశ. ఈ చిప్పులో గడియారం ముక్క ఆయనదే. ఎండాకాలంలో వచ్చిన మొదటి నమూనా చిప్పులు లేవడానికి పదకొండు మిల్లీసెకన్లు తీసుకున్నాయి. పేజర్ల కంపెనీ ఐదు లోపల కావాలంది. సరిదిద్దిన రెండో డిజైను చిప్పుల ఫ్యాక్టరీకి పంపే అవకాశం ఈ శనివారం. ఆ తర్వాత ఆయనకు మూడో అవకాశం ఎవరూ ఇవ్వరు.

అదృష్టమో ఏమో, ఆ గండం గడిచిందనే అందరూ అనుకున్నారు. ఆయుధపూజ ముందు రోజు యతిరాజులు నమూనా చిప్పు అతికించిన ఒక బోర్డు మీద కెపాసిటర్లు రెండు మార్చాడు. కొలిచేలోపే పూజకు పనిముట్లు సర్దే వేళయింది. మర్నాడు సోల్డరింగ్ ఇనుములు, మీటర్లు, కీబోర్డులు అన్నీ కడిగి తుడిచి వరసగా పెట్టి, "ఆడబిడ్డ చేత్తో పెట్టాల" అని చందనం గిన్నె, కుంకుమ బరిణె కనకవల్లికి ఇచ్చాడు. ఆమె సంగతి తెలుసు కదా, ఒక్కో బొట్టూ తీర్చిదిద్దే ఓపిక ఎక్కడిది? గిన్నెలో వేలు ముంచడం, అద్దడం, పక్కదానికి పోవడం. ఆ రోజు పనిముట్లు ముట్టకూడదు గనక ఎవరూ ముట్టలేదు. విజయదశమి పొద్దున బోర్డుకు కరెంటిస్తే, గడియారం నాలుగు మిల్లీసెకన్లలో లేచి కూర్చుంది. యతిరాజులు స్టూలు మీదినుంచి లేచి చప్పట్లు కొట్టాడు. ముఖేష్ అరగంటలో కస్టమరుకు ఫ్యాక్స్ కొట్టాడు. ఆ రోజునుంచి దానికి పూజ బోర్డు అని పేరు పడింది. పూజలో పెట్టిన బొట్టు దానంతట అది రాలాలే గాని మనం తుడవకూడదు కదా, అందుకని చందనం కుంకుమలతోనే దాన్ని వాడుతూ వచ్చారు.

కనకవల్లికి మాత్రం కుదురు లేదు. అవే కెపాసిటర్లు వేసి ఇంకో బోర్డు తయారుచేసింది. పదకొండు. ఇంకోటి చేసింది. పదకొండే.

"నీ సోల్డరింగ్ అట్ల ఉండాది," అన్నాడు యతిరాజులు, అద్దాలు నుదుటి మీదికి నెట్టి. "ఈ అతుకు చూడు, ఇడ్లీపిండి జారిన మాదిరి. నిదానంగా చెయ్ మ్మా. కాళ్లకు చక్రాలు కట్టుకోని పుట్టినావా ఏంది?"

"సార్, పూజ బోర్డు కూడా ఒక మాదిరిగా లేదు సార్. పొద్దన నాలుగు చూపిస్తాది. మద్యాన్నం ఏసీ బాగా పనిచేసేటప్పుడు తొమ్మిదీ పదీ అవతా ఉండాది."

"సెరి, పొద్దన్నే కొలువు."

ముఖేష్‌కు చెబితే ఆయన ఇంకా తేలిగ్గా తేల్చాడు. "సుందరం గురువారం వస్తాడు గదా, ఆ పూట ఏసీ ఆపేద్దాం," అన్నాడు. సుందరం అంటే పేజర్ల కంపెనీ ఇంజినీరు. డిజైను పంపేముందు బోర్డు కళ్లారా చూసి సరే అనాల్సినవాడు ఆయనే. ముఖేష్ మాటలో మోసం ఉందని ముఖేష్‌కు కూడా అనిపించలేదు. షాపులో చీర చూపించేటప్పుడు దీపం ఎటు పెట్టాలో చూసుకోమూ, ఆయనకు అదీ అంతే.

బుధవారం సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి తిరువొత్తియూరు అంతా చెమ్మగా ఉంది. అక్టోబరు వానలు మొదలయ్యాయి. ఎన్నూరు వైపు నుంచి వచ్చే లారీల పొగ, సముద్రపు ఉప్పు కలిసి కిటికీ ఊచలకు జిగటలాగా అంటుకునేవి. కనకవల్లి చెప్పులు విడిచి, ముఖం కడుక్కుని, నిలబడే కాఫీ తాగుతోంది. కూర్చుని తాగడం ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు. అత్తగారు భువనేశ్వరి దేవుడి అలమర ముందు కూర్చుని విసుక్కుంటోంది.

"చూడు కనకం, బరిణెలో కుంకం అంతా ముద్దయిపోయె. నిన్న పోసినాను, పొడిపొడిగా ఉండె. ఈ గాలికి నీళ్లు తాగేస్తా ఉండాది. ఉప్పు జాడీ గూడా అంతే. సముద్రం పక్కన ఇల్లు కట్టించిన మీ మామను అనాల."

కనకవల్లి బరిణెలోకి చూసింది. వేలితో తాకింది. వేలికి ఎర్రగా, తడిగా అంటుకుంది. కాఫీ లోటా అలమర అంచున పెట్టేసి అలాగే నిలబడిపోయింది.

"ఏమ్మా, కాఫీ చల్లారిపోతాది," అంది అత్తగారు.

పూజ రోజు తన వేలు ఆమెకు గుర్తొచ్చింది. ఆ బోర్డు మీద క్వార్ట్జ్ ముక్క ఉండే చిన్న రేకు డబ్బా నెత్తిన బొట్టు పెట్టేటప్పుడు చందనం ఎక్కువై, డబ్బా కిందికి, రెండు కాళ్ల మధ్యకు జారింది. దాని మీద కుంకుమ. సరిదిద్దడానికి ఆగలేదు. ఆగడం ఆమెకు తెలిస్తే కదా.

చిప్పు పడుకున్నప్పుడు క్వార్ట్జ్ కాళ్లు సున్నా వోల్టుల దగ్గర ఉంటాయి. లేవమనగానే ముందు అవి సగం వోల్టేజి దాకా ఎక్కాలి, ఆ తర్వాతే ఊపు మొదలవుతుంది. వాటిని ఎక్కించేది ఒక పెద్ద రెసిస్టరు. బ్యాటరీ మిగలాలని దాన్ని కావాలనే పెద్దది వేశారు, అందుకే దానిలోంచి కరెంటు సన్నగా పోతుంది. కుళాయిలో సన్నటి ధార వస్తుంటే డ్రమ్ము నిండేదాకా నిలబడినట్టు ఉంటుంది ఆ పని. ఇప్పుడు ఆ రెసిస్టరు పక్కనే తడిసిన చందనం, కుంకుమ ఇంకో దారి వేశాయి. రెండు ధారలు పడితే డ్రమ్ము త్వరగా నిండదూ? ఏసీ వేసి గాలి ఆరిస్తే ఆ దారి మూసుకుపోతుంది, గడియారం మళ్లీ బద్ధకిస్తుంది. మిగతా బోర్డులకు బొట్టు లేదు, వాటికి మొదటినుంచీ బద్ధకమే. యతిరాజులు మార్చిన కెపాసిటర్లకు ఇందులో ఏ పాత్రా లేదు.

అర్థమైన సంతోషం అర నిమిషం కూడా నిలవలేదు. ఈ సంగతి ఆయనకు ఎట్లా చెప్పడం? ఆ కెపాసిటర్ల గురించి ఆయన ఎన్నిసార్లు చెప్పుకున్నాడు, వచ్చినవాళ్లందరినీ స్టూలు మీద కూర్చోబెట్టి ఎన్నిసార్లు చూపించాడు! చెప్పకపోతే శనివారం డిజైను వెళ్లిపోతుంది. నెలలు గడిచాక వేల చిప్పులు వస్తాయి, అన్నీ పదకొండు దగ్గర నిలుస్తాయి, పేజర్ల బ్యాటరీలు సగం కాలానికే చస్తాయి. అప్పుడు ఆ పరువు నష్టం ఆయన నెత్తిన పడుతుంది. ఆమెకు అన్నం సయించలేదు. భర్త దీపక్ ఏమైందని అడిగితే "ఏం లే" అని, అతను కంచం కడిగేలోపు మూడుసార్లు వీధి గుమ్మం దాకా వెళ్లి వచ్చింది.

గురువారం పొద్దున ఆమె ఆఫీసు చేరేసరికి యతిరాజులు అప్పటికే వచ్చి, ఇస్త్రీ చొక్కాలో, పూజ బోర్డు ముందు కూర్చుని ఉన్నాడు. ఏసీ ఆపేసి ఉంది. కింద పాండీబజారులో పండగ జనం, దొంగలున్నారు జాగ్రత్త అని పోలీసు మైకు ఆగకుండా అరుస్తోంది. కనకవల్లి సంచి కూడా దించకుండా చెప్పేసింది. మొదలు, మధ్య, చివర కలగలిపి, ఒకే ఊపిరిలో చెప్పింది.

వింటున్నకొద్దీ యతిరాజులు చెవులు ఎర్రబడ్డాయి.

"అంటే నా కెపాసిటర్లు ఏమీ చెయ్యలే. నీ బొట్టు చేసింది. అంతేనా నువ్వనేది?"

"సార్..."

"నేను రేడియోలు చూడను మొదలుపెట్టినప్పుడు మీయమ్మకు పెండ్లి గూడా అయ్యుండదు. నాకు గడియారం లేపను నేర్పతావా నువ్వు?"

"ఒకతూరి తుడిచి కొలవండి సార్. నేను చెప్పింది తప్పయితే ఈడనే మీ కాళ్లకు దండం పెడతా."

"పూజలో పెట్టింది తుడుస్తారా ఎవరన్నా?" అని అరిచాడు. అరిచాక చాలాసేపు బోర్డు వంకే చూస్తూ కూర్చున్నాడు. కనకవల్లి ఒక కాలి మీదినుంచి ఇంకో కాలి మీదికి మారుతూ నిలబడింది. చివరికి ఆయన బోర్డును రెండు చేతులా ఎత్తి కళ్లకద్దుకున్నాడు. టూత్ బ్రష్షు, స్పిరిట్ సీసా తీసుకుని, డబ్బా కింద ఎర్ర మరక పోయేదాకా తోమాడు. ఊది ఆరబెట్టి కరెంటిచ్చాడు.

పదకొండు.

ఆపి మళ్లీ ఇచ్చాడు. పదకొండు. ఇంకోసారి ఇచ్చాడు. ఊపును కొలిచే ఆసిలోస్కోపు తెర మీద గీత ఎక్కడినుంచి లేవాలో అక్కడినుంచే, ఎంత మెల్లగా లేవాలో అంత మెల్లగానే లేచింది. యతిరాజులు అద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. అద్దాలు లేని ఆయన ముఖం కనకవల్లి ఎప్పుడూ చూడలేదు. ఎవరో పెద్దవాళ్లను కొట్టినంత తప్పుగా అనిపించింది ఆమెకు. తన నోరు పడిపోయినా బాగుండేదనుకుంది.

ముఖేష్ లోపలికి వచ్చి ఇద్దరి ముఖాలూ చూసి సంగతి అడిగాడు. విన్నాక తలుపు మూసి గొంతు తగ్గించాడు.

"అన్నా, మళ్లీ పెట్టేయండి. కుంకం ఆ అలమరలోనే ఉండాది గదా. సుందరం చూసేసి సంతకం చేసి పోనీ. మిగతాది మనం తర్వాత చూసుకుందాం. ఆడ నాన్న బెంచీలకు ఆర్డర్ ఇచ్చేసినాడు. ఇది పోతే మీరూ లేరు, నేనూ లేను."

అందులో అబద్ధం ఏమీ లేదు, అదే బాధ. యతిరాజులు లేచి అలమర దగ్గరికి వెళ్లాడు. కుంకుమ బరిణె చేతిలోకి తీసుకున్నాడు. మూత తీశాడు. కనకవల్లి వద్దు సార్ అనబోయింది గాని, ఆయన పోగొట్టుకునేదేమిటో తెలిసి ఆ మాట అనడానికి నోరు రాలేదు. సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని సుందరం వచ్చాడు. మధ్యాహ్నం రావాల్సిన మనిషి, వాన పడేలోపు వచ్చేశానంటూ కర్చీఫుతో మెడ తుడుచుకున్నాడు.

"ఎన్న సార్, ఏసీ ఇల్లయా?" అని, ఏసీ లేదేమని తమిళంలో అడిగాడు.

"ఏసీ వేస్తాం సార్," అన్నాడు యతిరాజులు. బరిణె మూత పెట్టి అలమరలో ఉంచి, తనే వెళ్లి ఏసీ స్విచ్చు వేశాడు. ముఖేష్ కళ్లు మూసుకున్నాడు.

సుందరం స్టూలు మీద కూర్చున్నాడు. యతిరాజులు కరెంటిచ్చాడు. తెర మీద పదకొండు. సుందరం సంచిలోంచి ఫ్యాక్స్ కాగితం తీసి, అందులో నాలుగు అని ఉన్నచోట వేలు పెట్టి చూపించాడు. అప్పుడు యతిరాజులు తమిళంలో, దాచకుండా, చందనం దగ్గరినుంచి తుడవడం దాకా అంతా చెప్పాడు. సుందరం మొదట నవ్వాడు. కళ్లలో నీళ్లు వచ్చేంత నవ్వాడు. పెళ్లయిన కొత్తలో తన స్కూటరు కూడా ఇలాగే నిమ్మకాయ కట్టాకే స్టార్టయ్యేదన్నాడు. తర్వాత కర్చీఫు మడిచి జేబులో పెట్టి, నవ్వు మానేసి అడిగాడు. చేసే ప్రతి పేజరుకూ బొట్టు పెట్టడానికి మనిషిని పెడతారా? లేకపోతే నేను వెళ్లి వేరే చిప్పు చూసుకోనా?

యతిరాజులు చూపు మంచినీళ్ల గ్లాసు మీద పడింది. ఆయన గ్లాసులో వేలు ముంచి, క్వార్ట్జ్ డబ్బా కింద రెండు కాళ్లనూ కలిపి ఆ వేలితో తాకి, రెండో చేత్తో కరెంటిచ్చాడు. తెర మీద గీత లేవనే లేదు. చచ్చినట్టు అడ్డంగా పడి ఉంది. సుందరం లేవబోయాడు.

"ఉండండి సార్, తడి ఎక్కువయింది," అంది కనకవల్లి.

యతిరాజులు వేలును చొక్కా అంచుకు తుడుచుకున్నాడు. ఈసారి పసిపిల్ల బుగ్గ తాకినట్టు తాకాడు. కరెంటిచ్చాడు. గీత గభాలున లేచింది. నాలుగు. వేలు తీశాడు, ఊపు ఆగకుండా కొనసాగింది. మళ్లీ ఆపి, వేలు పెట్టకుండా ఇచ్చాడు. పదకొండు. పెట్టి ఇచ్చాడు. నాలుగు. అలా పెడుతూ తీస్తూ ఉంటే సుందరం స్టూలు ముందుకు జరుపుకున్నాడు. ఆయన కూడా మొదట ఇంజినీరే కదా, ఆ తర్వాతే కస్టమరు.

వేలు అలాగే ఉంచేస్తే కరెంటు కారిపోయి బ్యాటరీ చావదా అని సుందరం తమిళంలో యతిరాజులును అడిగాడు.

"చస్తుంది. అందుకే ఈ వేలు లేపేదాకే ఉండాలి. లేచాక తీసేయా..."

"ఒక ట్రాన్సిస్టరు చాలు సార్!" యతిరాజులు మాట పూర్తికాకముందే కనకవల్లి అందుకుంది. "లేచేటప్పుడు దారి తెరుస్తుంది, లేచాక మూసేస్తుంది. ఎప్పుడు మూయాలో లెక్కపెట్టడానికి నిద్రపోకుండా నడిచే కౌంటరు ఒకటి లోపల ఉండనే ఉంది!" అనేసి నాలుక కరుచుకుంది. ఆ ముక్క చెప్పే హక్కు ఆయనది.

యతిరాజులు ఆమెను కోప్పడలేదు. "ఆమా, అదే," అన్నాడు. "నాకంటె బాగా చెప్పింది."

సుందరం కాసేపు ఆలోచించాడు. పాత ఫ్యాక్స్ తప్పని రాసి కొత్త ఫ్యాక్స్ పంపాలన్నాడు. ఆ ట్రాన్సిస్టరు శనివారం వెళ్లే డిజైనులోనే ఉండాలన్నాడు. ఉంటే ఒప్పందం ఉంటుంది, ఆ తర్వాతి వారం అంటే తన పైవాళ్లు ఒప్పుకోరు. ముఖేష్ సరేనన్నాడు. మెట్లు దిగేటప్పుడు సుందరం మళ్లీ నవ్వుకోవడం పైదాకా వినిపించింది. యతిరాజులు అది విననట్టే కూర్చున్నాడు.

శుక్రవారం మధ్యాహ్నానికి ట్రాన్సిస్టరు కొలతలు, లెక్కలు అన్నీ కుదిరాయి. కుదరనిది చోటు ఒక్కటే. కంప్యూటరు తెర మీద చిప్పు నగరం మ్యాపులాగా పరుచుకుని ఉంది. గడియారం ఉన్న మూలలో పురుగు దూరేంత సందు లేదు. ట్రాన్సిస్టరును క్వార్ట్జ్ కాలు పక్కనే పెట్టాలి. దూరంగా పెడితే మధ్యలో తీగే బరువై, మళ్లీ గడియారాన్ని నిద్రపుచ్చుతుంది. కనకవల్లి కరెంటు తీగను జరిపి చూసింది, నియమాలు చూసే ప్రోగ్రాము ఎర్రగా గోలపెట్టింది. ట్రాన్సిస్టరును నిలువుగా తిప్పి చూసింది, మళ్లీ ఎరుపే. లేచి గది చుట్టూ తిరిగి వచ్చి మళ్లీ కూర్చుంది. చోటు లేక కాదు ఆమె వెతుకులాట. ఆ కాలు పక్కనే చదునైన చోటు ఒకటి ఉంది. దాన్ని చూడకుండా తప్పించుకోవడానికి వెతుకుతోంది.

చిప్పులు గీసేవాళ్లలో ఒక అలవాటు ఉంది. పని పూర్తయ్యాక ఏదో ఖాళీ మూలలో తమ పేరు, పొడి అక్షరాల్లోనైనా సరే, లోహపు పొరలో రాసుకుంటారు. కొనేవాడికి తెలీదు, వాడేవాడికి తెలీదు, సూక్ష్మదర్శిని కింద పెట్టి వెతికితే తప్ప కనబడదు. యతిరాజులు ఆ చోట 'యతి' అని తెలుగులో రాసుకున్నాడు. ఆ ప్రోగ్రాములో వంపులు గీయడం కుదరదు. తెలుగు అక్షరమేమో అంతా వంపులే. అందుకని ఆయన చిన్నచిన్న చదరాలు మెట్లుమెట్లుగా పేర్చి, ఒక ఆదివారమంతా కూర్చుని ఆ గుండ్రనితనం తెప్పించాడు. మొదటి నమూనాలు వచ్చిన రోజు ఆయన గడియారం ఎట్లా నడుస్తోందో చూడకముందే సూక్ష్మదర్శిని కింద ఆ రెండక్షరాలు చూసుకున్నాడు. తర్వాత భార్యను బస్సులో పిలుచుకొచ్చి చూపించాడు.

"ఏం వెతకతా ఉండావు ఇంతసేపు?" వెనకనుంచి అడిగాడు యతిరాజులు. "జాగా కనబడతానే ఉండాది గదా."

"ఆడ మీ పేరుండాది సార్."

"చూసినాను."

"పైన కౌంటరు దగ్గర కొంచెం జరిపితే..."

"ఆడ పెడితే తీగ పొడుగవతాది. లెక్క నువ్వే చేసినావు. ఆరున్నర వచ్చింది. ఐదు అడిగినాడు."

"సార్, ఇది మీ మొదటి చిప్పు సార్." "అందరూ రాసుకుంటారు. మీరు ఒక్కరే ఎందుకు తీసేసుకోవాల? నేనట్ల చెయ్యలేను. నా చేత్తో చెయ్యలేను."

"నువ్వు చెయ్యొద్దు. లే."

ఆమె లేచింది. యతిరాజులు కుర్చీలో కూర్చుని మౌసు పట్టుకున్నాడు. ఆయనకు మౌసు ఎప్పుడూ సరిగా రాలేదు, బాణం అటూ ఇటూ తూలింది. మెల్లగా, అక్షరాల చుట్టూ పెట్టె గీశాడు. రెండక్షరాలూ తెల్లగా వెలిగాయి. 'య' తలకట్టు దగ్గర ఆయన ఆదివారం పేర్చిన మెట్లు ఒక్కొక్కటీ కనిపించాయి. ఒక్క క్షణం ఆయన వేలు కీబోర్డు మీద ఆగింది. కనకవల్లి పక్కకు తిరిగి కిటికీలోంచి కిందికి చూసింది. చీరల సంచులతో జనం ఒకరినొకరు తోసుకుంటూ పోతున్నారు. వాళ్లెవరికీ ఇక్కడ ఏం పోతోందో తెలీదని ఆమెకు పట్టరాని కోపం వచ్చింది. వెనక కీ నొక్కిన చప్పుడు వినిపించింది.

తిరిగి చూసేసరికి ఆ చోట నలుపు తప్ప ఏమీ లేదు. యతిరాజులు కుర్చీ ఖాళీ చేసి పక్కన నిలబడ్డాడు.

"కూచో. గీయి," అన్నాడు.

ఆమె కూర్చుని గీసింది. కళ్లు మసకబారుతుంటే భుజానికి తుడుచుకుంటూ గీసింది. ట్రాన్సిస్టరు ఆ నలుపులో అటు ఇటు మిగలకుండా పట్టింది. నియమాలు చూసే ప్రోగ్రాము నడిచింది. ఒక్క తప్పు కూడా చూపించలేదు. కొత్త తీగలతో లెక్క మళ్లీ వేస్తే మూడున్నర వచ్చింది. యతిరాజులు వంగి, ముక్కు తెరకు తగిలేంత దగ్గరగా, తన పేరున్న చోటును పరీక్షగా చూశాడు. ఆయన కుడిచేయి ఆమె కుర్చీ వీపును గట్టిగా పట్టుకుని ఉంది.

"ఇంగ లేస్తాది," అన్నాడు.